బెన్-మై-క్రీ: జనాన్ని మోసే ఓడ సీప్లేన్ల ఓడగా మారిన కథ (చర్చ)

లంగరు:
అందరికీ నమస్కారం. ఇక్కడ విమానవాహక నౌకల మాట ఎప్పుడు వచ్చినా చర్చ విక్రాంత్‌తో మొదలై విక్రమాదిత్య దగ్గర ఆగిపోతోంది. వాటి ముత్తాతల కోసం ఒక థ్రెడ్ ఉండాలని చాన్నాళ్లుగా నా కోరిక. నేను ఎంచుకున్నది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నౌకాదళపు ఓడ బెన్-మై-క్రీ.

సీప్లేన్లను, అంటే నీటి మీంచి లేచి నీటి మీదే దిగే విమానాలను, మోసే ఓడల్లో ఇది మొదటిది కాదు. ఆ పేరు అంతకు ముందే ఫ్రెంచివాళ్ల ఫూద్ర్‌కు దక్కింది. యుద్ధంలో ఓడ నుంచి విమానాలు పంపి దాడి చేయించడంలోనూ జపాన్ ఓడ వాకమియా ముందుంది, 1914 సెప్టెంబరులో చైనా తీరంలోని చింగ్‌దావ్ దగ్గర. అయినా దీని మీదే నా మనసు ఎందుకు పోయిందంటే, రెండేళ్లు కూడా నిండని సైనిక జీవితంలో ఈ ఓడ టార్పెడో దాడి, ఫిరంగులకు గురి చూపించడం, రైల్వేల మీద బాంబులు, ఎడారిలో శత్రువు ఆనవాళ్లు పట్టడం అన్నీ చేసేసింది. తర్వాతి తరం విమానవాహక నౌకలు చేసిన పనుల్లో దీనికి కొత్తగా నేర్పాల్సింది దాదాపు ఏమీ లేదు.

ముందు దీని పుట్టుక. లివర్‌పూల్ నుంచి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని డగ్లస్‌కు జనాన్ని చేరవేయడానికి 1908లో బారోలోని వికర్స్ యార్డులో కట్టారు. పొడవు 375 అడుగులు. ఆవిరి టర్బైన్లు, మూడు ప్రొపెల్లర్లు, 24 నాట్లకు పైబడిన వేగం. వేసవిలో దీవికి విహారానికి పోయేవాళ్లు ఒక్కో ట్రిప్పులో రెండున్నర వేల మంది దాకా ఎక్కేవారు. బొగ్గు మాత్రం విపరీతంగా తినేది. 1915 జనవరి 1న నౌకాదళం దీన్ని అద్దెకు తీసుకుంది. బర్కెన్‌హెడ్‌లోని కామెల్ లెయిర్డ్ యార్డులో వెనక భాగాన పెద్ద హ్యాంగర్ కట్టారు. ముందు భాగంలో, కావాలంటే ఊడదీసేలా 60 అడుగుల వేదిక పరిచారు.

మెర్సీ ఒడ్డు:
మంచి థ్రెడ్ పెట్టారు లంగరు గారూ. నేనుండేది మెర్సీ నదికి ఇవతల లివర్‌పూల్ వైపు, బర్కెన్‌హెడ్ మాకు ఎదురు ఒడ్డే. ఆ యార్డులో ఇప్పటికీ ఓడల పని నడుస్తోంది. యుద్ధానికి ముందు ఈ ఓడను నడిపిన ఫెర్రీ కంపెనీ కూడా బతికే ఉంది. 1998లో వచ్చిన వాళ్ల ఓడ పేరు కూడా బెన్-మై-క్రీయే, ఆ వరసలో అది ఆరోది. మీరు రాస్తున్నది మూడోది. కొత్త దాని మీద ఒకసారి డగ్లస్ వెళ్లాను. ఐరిష్ సముద్రం ఎంత మొండిదో అప్పుడు తెలిసింది.

ఫెర్రీలనే ఎందుకు పట్టుకున్నారన్నది ఇక్కడ చెప్పాలి. యుద్ధనౌకల గుంపు వెంట పరిగెత్తాలంటే వేగం ఉండాలి. సరుకు ఓడలకు అది లేదు. తీరానికి దగ్గరగా జనాన్ని మోసే ఓడలకు ఉంది. పైగా యుద్ధం రాగానే విహార యాత్రలు పడిపోయాయి, ఓడలు ఖాళీగా ఉన్నాయి. ఎంగడీన్, రివియెరా, ఎంప్రెస్ మూడూ ఇంగ్లిష్ చానల్ దాటించే ఓడలు. 1914 క్రిస్మస్ రోజున జర్మనీలోని కుక్స్‌హావెన్ మీద దాడికి సీప్లేన్లను మోసుకెళ్లింది ఆ మూడే. బెన్-మై-క్రీ వాటి వెనక వచ్చింది, కానీ వాటికన్నా పెద్దది, వేగమైనది.

మాజీ నేవీ:
నేను నౌకాదళంలో విమానాల మెకానిక్‌గా పని చేసి విశాఖలో రిటైరయినవాణ్ణి. సీప్లేన్ అంటే చాలామంది ఓడ మీంచి రయ్యిన ఎగిరిపోయేదనుకుంటారు. ఎగరడం కన్నా దాన్ని నీళ్లలో దింపడమే పెద్ద తంతు.

రెక్కలు వెనక్కి మడిచిన విమానాన్ని హ్యాంగర్లోంచి డెక్కు మీదికి తోసుకొస్తారు. క్రేన్ కొక్కెం తగిలించి లేపి, ఓడ పక్కన నీళ్ల మీద దించుతారు. కింద ఉన్నవి పల్చని చెక్కతో చేసిన తేలుడు తొట్లు. ఓడ కాస్త ఊగితే విమానం వెళ్లి ఓడ పక్కకు కొట్టుకుంటుంది, రెక్క విరుగుతుంది. అది తప్పాక ఇంజిన్ అంటుకోవాలి. అంటుకున్నాక అలల మీద పరుగెత్తి లేవాలి. అలలు పెద్దవైతే తొట్లు పగులుతాయి. అసలు కదలని నీళ్లయినా చిక్కే, తొట్లు నీటికి అతుక్కుపోయినట్టు వదలవు. తిరిగొచ్చాక ఇదంతా తిరగేసి చేయాలి. ఊగుతున్న విమానం మీద నిలబడి, పైనుంచి వేలాడే కొక్కెం అందుకుని తగిలించేవాడి ధైర్యం మామూలుది కాదు.

ఇదంతా అయ్యేదాకా ఓడ కదలకుండా నిలబడాలి. చుట్టుపక్కల జలాంతర్గామి ఉంటే అంతే సంగతులు. ఇంతా చేసి ఉప్పునీళ్లు! జెట్ విమానాలకే మేం మంచినీళ్ల స్నానాలు చేయించి గ్రీజులు పూసినా తుప్పు ఆగేది కాదు. గుడ్డ, చెక్క, తీగలతో కట్టిన విమానాలతో వాళ్లు నెలల తరబడి ఎలా నెట్టుకొచ్చారో.

ముందున్న వేదిక సంగతి కూడా లంగరు గారు చెప్పాలి. దాని మీంచి విమానం లేపారా?

లంగరు:
ప్రయత్నించారు. 1915 మే నెలలో, ఉత్తర సముద్రంలో ఉండగా, జెప్పెలిన్ (జర్మన్ల భారీ గాలి ఓడ) మీదికి చిన్న సాప్‌విత్ ష్నైడర్ విమానాన్ని పంపాలని వేదిక మీద ట్రాలీ ఎక్కించారు. ఇంజిన్ ఎదురు తన్నడంతో స్టార్టరూ ట్రాలీ పాడయ్యాయి. అంతటితో ఆగింది. ఆ నెలలోనే ఓడను తుర్కీలోని డార్డనెల్స్ జలసంధి వైపు పంపేశారు. జూన్‌లో లెస్బోస్ దీవికి చేరింది, ఆ జలసంధి పక్కనున్న గల్లిపోలిలో తుర్కులతో యుద్ధం మంచి వేడి మీద ఉన్నప్పుడు.

ఓరుగల్లు ఉష:
లంగరన్నా, నాకు ఒక్కటి సమజ్ కాలేదు. ఆకాశం నుంచి వేసిన టార్పెడోతో మునిగిన మొట్టమొదటి ఓడ బెన్-మై-క్రీ విమానం ముంచిందే అని చాలా చోట్ల చదివిన. ఇంకో చోట అసలు అది మునగనే లేదని రాసిన్రు. ఏది నిజం?

లంగరు:
ఉష గారూ, దీనికి వివరంగా రాయాలి, ఓపిక పట్టండి.

ఓడలో షార్ట్ 184 రకం సీప్లేన్లు ఉన్నాయి. అప్పటికి కొత్త సరుకు. 225 హార్స్ పవర్ సన్‌బీమ్ ఇంజిన్, రెండు సీట్లు. తొట్ల మధ్య, విమానం పొట్ట కింద 14 అంగుళాల టార్పెడో వేలాడుతుంది. దాని బరువు 360 కిలోల పైచిలుకు. కాగితం మీద బాగానే ఉంది. ఏజియన్ సముద్రపు ఎండాకాలంలో గాలి పల్చబడి, ఇంజిన్ వేడెక్కి, అంత బరువుతో విమానం నీళ్లు వదిలి లేవడమే గగనమయ్యేది. అందుకని వెనక సీటు మనిషిని దించేశారు. పెట్రోలు కూడా ముప్పావు గంటకు సరిపడా మాత్రమే పోశారు.

1915 ఆగస్టు 12 తెల్లవారుజామున ఓడ జీరోస్ అఖాతంలో ఆగింది. పైలట్ ఫ్లైట్ కమాండర్ చార్లెస్ ఎడ్మండ్స్. కుక్స్‌హావెన్ దాడిలో పాల్గొన్నవాడే. గల్లిపోలి ద్వీపకల్పం అక్కడ సన్నబడి మెడలా ఉంటుంది, బులాయిర్ అంటారు. ఒంటరిగా ఆ మెడ దాటి మర్మరా సముద్రం మీదికి వెళ్లాడు. తీరం దగ్గర సుమారు 5,000 టన్నుల ఓడ ఒకటి కనిపించింది. ఇంజిన్ తగ్గించి జారుతూ, నీటికి 15 అడుగుల ఎత్తు దాకా దిగి, 800 గజాల దూరంలో టార్పెడో వదిలాడు. పైకి లేస్తూ వెనక్కి చూస్తే టార్పెడో గీత సూటిగా పోయి ఓడ పక్కన పేలింది.

15 అడుగులంటే రెండు నిలువుల పైన కొంచెం. కాస్త ఎత్తు ఎక్కువైతే టార్పెడో నీళ్లకు తగిలి విరిగిపోతుంది లేదా దారి తప్పుతుంది. తక్కువైతే తొట్లు నీళ్లను తాకి విమానమే పల్టీ కొడుతుంది. ఇవన్నీ ఒక్కడే చూసుకున్నాడు.

ఐదు రోజుల తర్వాత, 17వ తేదీన, మళ్లీ వెళ్లి అక్‌బాషి లిమాన్ రేవు దగ్గరున్న మూడు స్టీమర్లలో ఒకదాన్ని కొట్టాడు. అది అంటుకుంది.

గోదారి మాస్టారు:
లంగరు గారి వర్ణన బాగుంది. దానికి ఒక ముక్క చేర్చకపోతే ఉష గారి ప్రశ్నకు జవాబు రాదు. 12వ తేదీ కొట్టిన ఓడ అప్పటికే దెబ్బతిని ఉంది. కొద్ది రోజుల ముందు బ్రిటిష్ జలాంతర్గామి ఇ-14 దాన్ని టార్పెడోతో కొడితే, మునిగిపోకుండా తుర్కులు ఒడ్డున ఇసుకలోకి ఎక్కించారు. నేల మీద కూర్చున్న ఓడను మళ్లీ ముంచడం అనేది లేదు కదా. 17న అంటుకున్న ఓడనూ లాక్కుని ఇస్తాంబుల్ తీసుకుపోయారు. కాబట్టి "విమానం ముంచిన మొదటి ఓడ" అనే మాట నిలబడదు. "ఎగిరే విమానం టార్పెడోతో కొట్టిన మొదటి ఓడ" అంటే నిలబడుతుంది, ఎవరూ కాదనలేరు.

చరిత్రలో రెండో మాట తక్కువదేం కాదని నా అభిప్రాయం. అందుకే దాన్ని మొదటి మాటగా పెంచి చెప్పినప్పుడు నాకు బాధగా ఉంటుంది.

రెక్కలు:
అదే 17వ తేదీన డేకర్ చేసింది ఎవరూ రాయలేదేం? నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన భాగం అదే.

ఫ్లైట్ లెఫ్టినెంట్ డేకర్ ఇంకో షార్ట్ 184తో బయల్దేరాడు. దారిలో ఇంజిన్ మొరాయించింది. శత్రువు చేతిలో ఉన్న జలసంధిలోనే నీళ్ల మీద దిగాల్సి వచ్చింది. ఎగరడానికి బలం లేదు గానీ నీళ్ల మీద పడవలా కదలడానికి ఇంజిన్ సరిపోతోంది. ఎదురుగా ఒక టగ్గు (పెద్ద ఓడల్ని లాగే చిన్న ఓడ) కనిపించింది. అలాగే నీళ్ల మీదే దాని వైపు నడిపి, టార్పెడో వదిలి దాన్ని ముంచేశాడు. బరువు దిగిపోయింది కదా, చాలాదూరం నీళ్ల మీద పరుగెత్తించి చివరికి గాల్లోకి లేపాడు. ఒడ్డు నుంచి కాల్పులు జరుగుతుండగానే తిరిగొచ్చాడు.

అంటే ఆ నెలలో నిజంగా అడుక్కి పోయింది ఆ టగ్గు ఒక్కటే. దాన్ని ముంచినప్పుడు విమానం గాల్లో లేదు!

ఓరుగల్లు ఉష:
ఇప్పుడు అర్థమైంది, రెండు చోట్ల రెండు తీర్ల ఎందుకు రాసిన్రో. మరి అంత బాగా పనిచేస్తే మళ్లీ మళ్లీ ఎందుకు వాడలే?

మాజీ నేవీ:
ఇంజిన్ అమ్మా, ఇంజిన్. సముద్రం ప్రశాంతంగా ఉండాలి, గాలి అనుకూలంగా ఉండాలి, ఆ రోజు ఇంజిన్ మంచి పొందికలో ఉండాలి. మూడూ ఒకే రోజు కలిసొస్తేనే టార్పెడోతో లేచేది. ఆలోచన మంచిదే, దానికి తగ్గ యంత్రం ఇంకా తయారు కాలేదు. 1940లో ఇటలీ నౌకాదళాన్ని టారంటోలో కొట్టినప్పుడు విమానాలు డెక్కు మీంచి చక్రాలతో లేచాయి. ఆ 25 ఏళ్లలో మారింది ముఖ్యంగా అదే.

లంగరు:
యుద్ధంలో ప్రాణాలు తీయడమే కాదు, కాపాడిన రోజు కూడా ఉంది. 1915 సెప్టెంబరు 2న ఆస్ట్రేలియా సైనికులతో గల్లిపోలికి వస్తున్న సౌత్‌లాండ్ అనే ఓడను లెమ్నోస్ దీవి దగ్గర జర్మన్ జలాంతర్గామి కొట్టింది. బెన్-మై-క్రీ వెళ్లి 694 మంది సైనికుల్ని, 121 మంది సిబ్బందిని ఎక్కించుకుంది. వేల మందిని ఎక్కించి దించడానికి కట్టిన ఓడ కదా, ఆ రోజు ఆ విశాలమైన డెక్కులు అక్కరకొచ్చాయి.

గోదారి మాస్టారు:
టార్పెడో కథ పూర్తయింది కాబట్టి 1916లోకి వద్దాం. నా లెక్కలో ఈ ఓడ అసలు ఘనత అక్కడుంది, పుస్తకాలేమో రెండు పేరాల్లో తేల్చేస్తాయి.

గల్లిపోలి నుంచి వెనక్కి వచ్చాక, 1916 జనవరిలో పోర్ట్ సయీద్‌లో ఒక సీప్లేన్ దళం ఏర్పడింది. పేరు ఈస్ట్ ఇండీస్ అండ్ ఈజిప్ట్ సీప్లేన్ స్క్వాడ్రన్. బెన్-మై-క్రీ, ఎంప్రెస్, ఆన్, రావెన్ 2 దాని ఓడలు. చివరి రెండూ జర్మన్లవి, యుద్ధం మొదట్లో అక్కడే పట్టుబడ్డ సరుకు ఓడలు. సూయజ్ కాలువ మీదికి తుర్కు సైన్యం సినాయ్ ఎడారి దాటి వస్తుందేమోనన్నది ఆ రోజుల పెద్ద భయం. ఒకసారి 1915 ఫిబ్రవరిలో వచ్చింది కూడా. ఆ కాలువను కాచిన బలగంలో పెద్ద భాగం భారత సైనికులు. ఎడారి అవతల ఏ బావి దగ్గర ఎన్ని డేరాలు వెలిశాయి, రైలు పట్టా ఎందాకా వచ్చింది అన్న కబురు మోసుకొచ్చింది ఈ సీప్లేన్లే. నీళ్ల మీద తప్ప దిగలేని విమానంతో, నీటి బొట్టు లేని ఎడారి మీద గంటలకొద్దీ ఎగరడం ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఇంజిన్ ఆగితే దిగడానికి చోటే లేదు.

మే నెలలో ఓడకూ దళానికీ అధిపతిగా చార్లెస్ శాంసన్ వచ్చాడు. 1912 జనవరిలో ఆఫ్రికా అనే యుద్ధనౌక మీంచి విమానం లేపి, బ్రిటన్‌లో ఓడ మీంచి ఎగిరిన మొదటివాడు. ఒకచోట కుదురుగా ఉండే మనిషి కాదు. జూన్‌లో ఓడను ఎర్ర సముద్రం దాటించి ఏడెన్ తీసుకెళ్లాడు. అప్పుడు ఏడెన్ పరిపాలన బొంబాయి నుంచి జరిగేది. తుర్కులు పక్కనున్న లాహెజ్‌లో తిష్ఠ వేసి ఊరి గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. వాళ్ల శిబిరాల మీద బాంబులు వేశారు. అక్కణ్ణుంచి జెద్దా. తుర్కుల మీద అరబ్బుల తిరుగుబాటు అప్పుడే మొదలైంది. జూన్ 15న సీప్లేన్లు జెద్దాలోని తుర్కు సైనికుల మీద దాడి చేశాయి. శాంసన్ స్వయంగా ఎగిరాడు, కింది నుంచి వచ్చిన తూటాకు అతని బూటు మడమ ఎగిరిపోయింది. మర్నాడు జెద్దా లొంగిపోయింది.

ఆగస్టు 25న మూడు ఓడల సీప్లేన్లు కలిసి పాలస్తీనాలోని అఫూలే రైల్వే జంక్షన్ మీద పడ్డాయి. టగ్గును ముంచిన డేకర్ ఆ రోజే తుర్కులకు చిక్కి ఖైదీ అయ్యాడు. డిసెంబరు 27న ఇంకా ఉత్తరాన, అదనా దగ్గర జెయ్‌హాన్ నది మీదున్న చికల్‌దిర్ రైలు వంతెనను దెబ్బతీశారు. బాగ్దాదుకూ పాలస్తీనాకూ పోయే తుర్కు సరంజామా అంతా ఆ దారినే నడిచేది.

ఒకే ఓడ ఏడాదిలో పాలస్తీనా తీరం, ఏడెన్, జెద్దా, అదనా. భూమి మీద విమానాశ్రయం కట్టాలంటే ఒక్కోచోట నెలలు పడుతుంది. ఇది లంగరెత్తి వెళ్లి, పొద్దున్నే ప్రత్యక్షమై, మధ్యాహ్నానికి మాయమయ్యేది. విమానవాహక నౌక విలువ ఏమిటని అడిగితే నేను చూపించేది ఈ ఏడాదినే.

మెర్సీ ఒడ్డు:
శాంసన్‌కు ముందున్న కెప్టెన్ గురించి కూడా రెండు ముక్కలు. పేరు సెసిల్ లెస్ట్రేంజ్ మలోన్. గల్లిపోలిలో టార్పెడో దాడులు జరిగినప్పుడు ఓడ అతని చేతిలోనే ఉంది, అప్పటికి ఇంకా పాతికేళ్లు నిండలేదు. యుద్ధం తర్వాత 1918లో లిబరల్‌గా పార్లమెంటుకు గెలిచాడు. కమ్యూనిస్టుల్ని గట్టిగా తిట్టేవాడు. రష్యా వెళ్లొచ్చాక పూర్తిగా మారిపోయి 1920లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. బ్రిటిష్ పార్లమెంటులో మొదటి కమ్యూనిస్టు సభ్యుడు అతనే. ఒక సభలో చేసిన ప్రసంగానికి ఆరు నెలలు జైలు పడింది.

రెక్కలు:
అబ్బ, ఇది నాకు తెలీదు! ఓడ చివరికి ఏమైందో ఎవరైనా రాయండి.

లంగరు:
1917 జనవరి. తుర్కీ దక్షిణ తీరానికి కూతవేటు దూరంలో కాస్టెలోరిజో అనే చిన్న దీవి ఉంది, అప్పుడు ఫ్రెంచివాళ్ల చేతిలో. అక్కణ్ణుంచి సీప్లేన్లు పంపాలని ఫ్రెంచివాళ్లతో కలిసి ఏర్పాటు. దీవి రేవులోకి వెళ్లి లంగరేశారు. రేవు తుర్కీ కొండలకు ఎదురుగా, నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ కొండల్లో ముస్తఫా ఎర్తుగ్రుల్ అనే తుర్కు అధికారి ఫిరంగులు దాచి పెట్టాడు.

మొదటి గుండ్లు నీళ్లలో పడ్డాయి. గురి కుదిరాక ఒకటి నేరుగా హ్యాంగర్లో పడింది. సీప్లేన్ల పెట్రోలు అంటుకుని వెనక భాగమంతా మంటలు. ఓడను కదపడానికి వీల్లేకపోయింది. దాదాపు 40 నిమిషాలకు శాంసన్ అందరినీ దింపేశాడు. ఫిరంగులు ఆ తర్వాత కూడా గంటల తరబడి కొడుతూనే ఉన్నాయి, లోతు లేని నీళ్లలో ఓడ ఒరిగి మునిగింది. గాయపడింది ఐదుగురు, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. విచారణలో శాంసన్ తప్పేమీ లేదని తేల్చారు.

1920లో దాన్ని పైకి తేల్చారు. బాగుచేయడానికి పనికిరాదని వెనిస్‌లో 1923లో ముక్కలు చేశారు. మొత్తం యుద్ధంలో శత్రువు చేతిలో మునిగిన విమానాల ఓడ ఇదొక్కటే అంటారు.

మాజీ నేవీ:
ఆ చివరి వాక్యం దగ్గర ఆగాలి. 1914 అక్టోబరు 31న హెర్మిస్ అనే ఓడను డోవర్ జలసంధిలో జర్మన్ జలాంతర్గామి యు-27 ముంచింది. అది పాత క్రూజరు, 1913లోనే సీప్లేన్ల ప్రయోగాలు దాని మీదే చేశారు. మునిగేనాటికి ఫ్రాన్సుకు సీప్లేన్లు దించి తిరిగొస్తోంది. దాన్ని లెక్కలోంచి తీసేయడం న్యాయం కాదు. ఫిరంగి గుండ్లకు మునిగిన ఒక్కటి అంటే సరిపోతుంది.

హెర్మిస్ అనే పేరు మనకూ తెలిసిందే. చాలా ఏళ్ల తర్వాత అదే పేరు పెట్టుకున్న ఇంకో బ్రిటిష్ నౌక మన దగ్గరికి వచ్చి విరాట్ అయింది. దాన్ని మ్యూజియంగా పెట్టాలని మన రాష్ట్రంలో కొన్నాళ్లు ప్రయత్నం జరిగింది, కుదరలేదు. 2020లో గుజరాత్‌లో ఓడలు విడగొట్టే అలంగ్‌కు పోయింది. విశాఖ ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా జలాంతర్గామిని చూసినప్పుడల్లా, విరాట్ కూడా ఉండాల్సింది అనిపిస్తుంది నాకు.

శాంసన్‌ను తప్పు పట్టలేదు సరే. శత్రు తీరానికి ఎదురుగా అంత పెట్రోలున్న ఓడను లంగరేయడం మాత్రం నాకు మింగుడు పడదు. రేవు భద్రమని ఫ్రెంచివాళ్లు చెప్పారనుకుందాం, ఎదుటి కొండ మీదికి ఒక్క సీప్లేన్‌ను ముందుగా పంపి చూడొచ్చు కదా. ఏడాది పాటు ఎడారంతా వెతికింది ఆ కళ్లే.

ఓరుగల్లు ఉష:
ఆ దళం పేరులో ఈస్ట్ ఇండీస్ అని ఉంది గదా మాస్టారూ, మన సముద్రం దిక్కు ఎప్పుడన్నా వచ్చిందా?

గోదారి మాస్టారు:
వచ్చింది. బెన్-మై-క్రీ కాదు, తోటి ఓడ రావెన్ 2. జర్మన్ల వోల్ఫ్ అనే దాడి ఓడ సరుకు ఓడ వేషంలో హిందూ మహాసముద్రంలోకి వచ్చి, 1917 మొదట్లో కొలంబో, బొంబాయి దగ్గర మైన్లు వేసింది. కొలంబో బయట రెండు పెద్ద స్టీమర్లు వాటికి బలయ్యాయి. జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసును కొట్టి మూడేళ్లు కూడా కాలేదు, తీరమంతా మళ్లీ గుబులు. అప్పుడు రావెన్ 2ను, పోతువో అనే ఫ్రెంచి క్రూజరును కలిపి వెతకమని పంపారు. ఏడెన్, లక్కదీవులు, కొలంబో, మాల్దీవులు తిరిగారు. దొరకలేదు. వోల్ఫ్ దగ్గర కూడా ఒక సీప్లేన్ ఉంది, పేరు వోల్ఫ్‌షెన్. అంటే వెతికేవాళ్లకూ, దాక్కున్నవాళ్లకూ ఆకాశంలో కళ్లున్నాయి. వోల్ఫ్ 1918 ఫిబ్రవరిలో క్షేమంగా జర్మనీ చేరింది.

రెక్కలు:
ఎడ్మండ్స్ నడిపిన రకం విమానం ఇప్పుడు ఎక్కడైనా చూడొచ్చా? వచ్చే ఏడాది ఇంగ్లండ్ వెళ్లే పని ఉంది.

మెర్సీ ఒడ్డు:
షార్ట్ 184లు 900కు పైగా కట్టారు, పూర్తిగా మిగిలింది మాత్రం ఒక్కటీ లేదు. యోవిల్టన్‌లోని ఫ్లీట్ ఎయిర్ ఆర్మ్ మ్యూజియంలో 8359 నంబరు విమానం ముందు భాగం ఉంది. బెన్-మై-క్రీది కాదు, ఎంగడీన్‌ది. 1916 మే 31న బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడ్డ జట్లాండ్ యుద్ధంలో జర్మన్ ఓడల్ని వెతకడానికి రట్లాండ్ అనే పైలట్ నడిపింది అదే. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద పడ్డ బాంబులకు మిగతాదంతా పోయింది. యోవిల్టన్ సోమర్సెట్‌లో ఉంది, లండన్ నుంచి కారులో అయితే సులువు. వెళ్లే ముందు నాకు ఒక మెసేజ్ పెట్టండి, వీలు చూసుకుని నేనూ వస్తాను.